సీట్లున్నాయి, విమానమే లేదు

మాస్టారు గారికి నమస్కారం. మాది గుంటూరు. పద్నాలుగేళ్ళుగా టాంజానియాలో, దారెస్సలాంలో ఉంటున్నాం. మావారు ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు. మా ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నావిడ మా పిల్లలిద్దర్నీ చంకనేసుకుని పెంచింది. ఆవిడ కూతురు ఈ ఏడాది ఫారం సిక్స్‌లో, అంటే మన ఇంటర్ లాంటి దాంట్లో, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో డివిజన్ వన్ తెచ్చుకుంది, నాలుగు పాయింట్లు. సాయంత్రాలు వాళ్ళ వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చెబుతుంది. ఈ పిల్లని ఎలాగైనా విదేశంలో చదివించాలని మా ఇద్దరికీ కోరిక. ఒక ఏజెంటు 1,500 డాలర్లు కడితే యూరప్‌లో నూరు శాతం స్కాలర్‌షిప్ ఖాయం, ఇక్కడి యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టి టైము పాడుచేసుకోవద్దు అంటున్నాడు. మావారు కట్టేద్దామంటున్నారు. మా తమ్ముడేమో విజయవాడ పంపెయ్యండి, తెలిసిన కాలేజీ ఉందంటున్నాడు. వాళ్ళమ్మని అడిగితే "మీ ఇష్టం" అంటుంది. ఆఫ్రికా పిల్లలకి నిజంగా ఎలాంటి స్కాలర్‌షిప్పులున్నాయి? మేం ఏం చెయ్యాలి?

— ఒక పాఠకురాలు, దారెస్సలాం

అమ్మా,

ఏజెంటుకి డబ్బు కట్టకండి. ముందు ఈ మాట చెప్పేసి మిగతావి నిదానంగా మాట్లాడతాను. ఈ జవాబు మీకు చేరేలోపే కట్టేసి ఉంటే రసీదు, ఫోనులో అతను పంపిన మెసేజీలు జాగ్రత్తగా దాచి, మిగతా సొమ్ము ఒక్క షిల్లింగు కూడా ఇవ్వకుండా ఆపండి. ఆ పిల్ల అసలు సర్టిఫికెట్లు అతని దగ్గరుంటే ఈరోజే వెళ్ళి తెచ్చుకోండి.

మీ ప్రశ్న చదవగానే నాకు 1959 గుర్తొచ్చింది. పక్కదేశం కెన్యాలో అప్పటికి బ్రిటిష్ పాలన. టామ్ ఎంబోయా అనే యువ కార్మిక నాయకుడు అమెరికా అంతా తిరిగి, కాలేజీల తలుపులు తట్టి, తన దేశపు పిల్లల కోసం సీట్లు, ఉపకారవేతనాలు అడిగి తెచ్చాడు. కాలేజీలు ఒప్పుకున్నాయి. కానీ నైరోబీ నుంచి న్యూయార్క్ వెళ్ళే డబ్బు ఆ పిల్లల్లో ఎవరి దగ్గరా లేదు. సీట్లున్నాయి, విమానమే లేదు! అప్పుడు బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్, గాయకుడు హ్యారీ బెలఫాంటే, నటుడు సిడ్నీ పోయిటియే ప్రజలకు విజ్ఞప్తి చేసి చందాలు పోగుచేశారు. ఆ సెప్టెంబరులో 81 మంది విద్యార్థులు అద్దె విమానంలో అమెరికా చేరారు. మరుసటి ఏడాది కెనెడీ కుటుంబపు ఫౌండేషన్ 100,000 డాలర్లు ఇచ్చింది. ఆ 1960 బృందంలో వెళ్ళిన ఒకమ్మాయి కాన్సస్ రాష్ట్రంలోని చిన్న కాలేజీలో జీవశాస్త్రం చదివి, తిరిగొచ్చి, కెన్యా ఆడవాళ్ళ చేత కోట్లాది మొక్కలు నాటించి, 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. ఆవిడే వంగారీ మథాయ్.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. అరవై ఏళ్ళు దాటినా లెక్క పెద్దగా మారలేదు. చదువు ఖర్చు భరించే సంస్థలు చాలానే ఉన్నాయి. ఆ చదువు గుమ్మం దాకా చేరే ఖర్చు మాత్రం పేదింటి పిల్ల నెత్తినే పడుతుంది. పాస్‌పోర్టు, పుట్టిన తేదీ పత్రం, ఇంగ్లీషు పరీక్ష ఫీజు, మార్కుల జాబితాల నకళ్ళు, ఇంటర్వ్యూకి ఇంటర్నెట్టు, వీసా... ఒక్కోటీ చిన్నదే. కానీ స్కాలర్‌షిప్ రావడానికి ముందే ఇవన్నీ కావాలి, వీటిని ఎవరూ ఇవ్వరు. మీ సాయం అవసరమైన చోటు ఇదే. ఏజెంటు చేతిలో పొయ్యబోయిన 1,500 డాలర్లతో ఇవన్నీ తీరిపోయి ఇంకా మిగులుతాయి.

నేను ఇథియోపియాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. మనవాళ్ళు అక్కడ చాలామంది పనిచేశారు. నా దగ్గర సివిల్ ఇంజనీరింగ్ చదివిన కుర్రాడొకడికి యూరప్‌లో ఎమ్మెస్సీకి పూర్తి స్కాలర్‌షిప్ వచ్చింది. ఫలానా తేదీలోగా అసలు పట్టా పంపమన్నారు. ఆ దేశంలో కాస్ట్ షేరింగ్ అని ఒక పద్ధతి ఉంది. డిగ్రీ చదువుకైన ఖర్చులో కొంత వాటా విద్యార్థి ఉద్యోగం వచ్చాక తీర్చాలి. అది తీరేదాకా అసలు పట్టా చేతికి రాదు. వాడి బాకీ పెద్ద మొత్తమేమీ కాదు, మేం నలుగురు మాస్టార్లం తలా కొంత వేసుకుంటే సాయంత్రానికల్లా తీరిపోయేది. వాడు మొహమాటపడి ఎవరితోనూ చెప్పలేదు. మాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఆ కుర్రాడి మొహం నేనింకా మర్చిపోలేదు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక ఆ "నూరు శాతం స్కాలర్‌షిప్" సంగతి. నూరు శాతం దేనిలో అని అడగండి. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఎవరికీ ఉండదు, విదేశీయులకైనా అంతే. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రం, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం లాంటి కొన్నిచోట్ల మాత్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు కట్టాలి. అందరికీ ఉచితంగా దొరికేదాన్ని కొందరు ఏజెంట్లు స్కాలర్‌షిప్ అని పేరు మార్చి అమ్ముతారు. అసలు ఖర్చు తర్వాత బయటపడుతుంది. జర్మన్ విద్యార్థి వీసాకి ఏడాది బతకడానికి సరిపడా సొమ్ము ముందే ఒక ప్రత్యేక ఖాతాలో వేసి చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. ఆ అమ్మాయి తల్లి జీతం మీకు తెలుసు కదా.

నిజమైన పూర్తి స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, నెలనెలా బతుకుతెరువు, ఆరోగ్య బీమా, రానూ పోనూ విమాన టిక్కెట్టు ఉంటాయి. ఇందులో ఏదైనా లేకపోతే అది ఎవరి జేబులోంచి వస్తుందో కాగితం మీద రాసుకుని చూడాలి. నాకు తెలిసిన పెద్ద స్కాలర్‌షిప్పుల్లో దరఖాస్తుకి డబ్బు తీసుకునేది ఒక్కటీ లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు మాత్రం ప్రవేశ దరఖాస్తుకి రుసుము పెడతాయి. కట్టలేనివాళ్ళు రాసి అడిగితే చాలాచోట్ల మాఫీ చేస్తారు. అడగడానికి సిగ్గుపడొద్దని ఆ పిల్లకి చెప్పండి.

డబ్బు పోవడం కంటే ఘోరమైన మోసాలూ ఉన్నాయి. రష్యాలోని తాతార్‌స్తాన్‌లో అలాబుగా అనే పారిశ్రామిక వాడ ఉంది. అక్కడ చదువు, పని, విమాన టిక్కెట్టు అన్నీ ఇస్తామని సోషల్ మీడియాలో ప్రకటనలిచ్చి, ఉగాండా, రువాండా, కెన్యా లాంటి దేశాల నుంచి 18 నుంచి 22 ఏళ్ళ ఆడపిల్లల్ని రప్పించారు. వాళ్ళలో చాలామందిని యుద్ధంలో వాడే డ్రోన్ల తయారీలో పెట్టారని 2024 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఒంటిమీద రసాయనాలు పడి చర్మం పాడైందని అక్కడి అమ్మాయిలు చెప్పుకున్నారు. ఆ వయసు చూశారా? ఈ పిల్ల వయసే. కాబట్టి టిక్కెట్టు కూడా వాళ్ళే ఇస్తున్నారు కదా అని నమ్మెయ్యకూడదు. ఆ విశ్వవిద్యాలయం పేరేమిటి, ఏ కోర్సు, ఎన్నేళ్ళు, చివర ఏ పట్టా, దాన్ని టాంజానియా విశ్వవిద్యాలయాల కమిషన్ గుర్తిస్తుందా? ఈ ప్రశ్నలకి సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపెయ్యాలి.

ఇప్పుడు నా అసలు సలహా. ఇది మీకు కాస్త నిరాశగా అనిపించవచ్చు. ఈ ఏడాదే విదేశం పంపాలన్న తొందర వదలండి. ముందు టాంజానియాలోనే డిగ్రీలో చేర్పించండి.

ఆఫ్రికా విద్యార్థుల కోసం ఉన్న పూర్తి స్కాలర్‌షిప్పుల్లో ఎక్కువ భాగం మాస్టర్స్, పీహెచ్‌డీ స్థాయిలోనే ఉన్నాయి. డిగ్రీ స్థాయిలో ఉన్నవి తక్కువ, పోటీ విపరీతం. నాలుగు పాయింట్లంటే రెండు సబ్జెక్టుల్లో ఏ, ఒకదాంట్లో బి. అలాంటి పిల్లకి దారెస్సలాం విశ్వవిద్యాలయంలోనో, మోరోగోరోలోని సొకొయినే వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో సీటు అందని మాట కాదు. ఖర్చుకి ప్రభుత్వ విద్యార్థి రుణాల బోర్డు ఉంది. ఆ రుణంలో వచ్చే చేతిఖర్చు డబ్బుని అక్కడి విద్యార్థులు ముద్దుగా "బూమ్" అంటారు, మీరూ వినే ఉంటారు. సైన్సులో పైమార్కులు తెచ్చుకున్నవాళ్ళకి అధ్యక్షురాలి పేరు మీద సామియా స్కాలర్‌షిప్ 2022 నుంచి ఇస్తున్నారు. ఆ జాబితాలో పిల్ల పేరుందేమో వెంటనే చూడండి. యూనివర్సిటీ దరఖాస్తుకీ, రుణం దరఖాస్తుకీ గడువులు ఫలితాలొచ్చిన కొద్ది వారాల్లోనే ముగుస్తాయి. "ఇక్కడ దరఖాస్తు పెట్టొద్దు" అన్న ఆ ఏజెంటు మాట ఒక్కటి చాలు నాకు, అతను ఈ పిల్ల మేలు కోరేవాడు కాదని తేల్చుకోవడానికి. చేతిలో ఉన్న సీటు వదిలించేస్తే, ఇక అతను చూపించినదే దారి అవుతుంది.

మీరుంటున్న దేశం "మ్వలీము" అని, అంటే మాస్టారూ అని, ప్రేమగా పిలుచుకునే తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే దారి కూడా ఇదే. ముందు పక్కదేశం ఉగాండాలోని మకెరేరే కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. తిరిగొచ్చి తబోరాలో పిల్లలకి పాఠాలు చెప్పాడు. ఆ తర్వాతే, 1949లో, స్కాలర్‌షిప్ మీద ఎడిన్‌బరా వెళ్ళి 1952లో ఎం.ఏ. పట్టాతో తిరిగొచ్చాడు.

డిగ్రీ చేతికొచ్చాక తెరుచుకునే తలుపులు చెబుతాను. కొన్నిటి షరతులు ఇప్పుడే తెలిస్తే ఈ నాలుగేళ్ళూ వాటికి తగ్గట్టు గడపవచ్చు.

బ్రిటన్‌లో కామన్వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్పులని ఉన్నాయి. స్కాలర్‌షిప్ లేకపోతే అక్కడ చదివే స్తోమత లేని కామన్వెల్త్ దేశాల పిల్లల కోసమే వాటిని పెట్టారు. టాంజానియా కామన్వెల్త్ దేశం. ఈ అమ్మాయి కోసమే రాసినట్టుంటుంది ఆ నిబంధన. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ అంతకంటే పేరున్నది. ఏడాది మాస్టర్స్‌కి అన్ని ఖర్చులూ ఇస్తుంది, కానీ డిగ్రీ తర్వాత రెండేళ్ళ పని అనుభవం అడుగుతుంది. చదువయ్యాక కనీసం రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న షరతు కూడా ఉంది. జర్మనీ వారి డాడ్ (DAAD) సంస్థ అభివృద్ధికి సంబంధించిన మాస్టర్స్ కోర్సులకి స్కాలర్‌షిప్ ఇస్తుంది, దానికీ రెండేళ్ళ అనుభవం కావాలి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్‌లో కనీసం రెండు దేశాల్లో చదవాలి, నెలకి 1,400 యూరోలు ఇస్తారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

విదేశం అంటే మనవాళ్ళకి వెంటనే లండన్, బెర్లిన్ గుర్తొస్తాయి. ఈ పిల్ల లెక్కల మనిషి అంటున్నారు కాబట్టి నేను ముందు చూపించే చోటు ఆఫ్రికాలోనే ఉంది. ఆఫ్రికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మ్యాథమెటికల్ సైన్సెస్ అని, నీల్ టురోక్ అనే భౌతికశాస్త్రవేత్త 2003లో కేప్‌టౌన్ శివారు మ్యూజెన్‌బర్గ్‌లో మొదలుపెట్టాడు. తర్వాత సెనెగల్, ఘనా, కామెరూన్, రువాండాలకి విస్తరించింది. ఎంపికైన వాళ్ళకి చదువు, తిండి, వసతి అన్నీ ఆ సంస్థే చూసుకుంటుంది. అధ్యాపకులు కూడా విద్యార్థులతోపాటు ఒకే ప్రాంగణంలో ఉండి, ఒకే భోజనాల గదిలో తింటూ, రాత్రి పొద్దుపోయేదాకా బోర్డు ముందు లెక్కలు చర్చిస్తారు. ఖండం నలుమూలల నుంచీ వచ్చిన పిల్లల మధ్య కూర్చుని అలా లెక్కలు చేయడం ఎంత గొప్ప అనుభవమో మాటల్లో చెప్పలేను. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయాల్లో చదవడానికి మండేలా రోడ్స్ స్కాలర్‌షిప్ ఉంది, ఏ ఆఫ్రికా దేశపు యువతైనా పెట్టుకోవచ్చు. డాడ్ సంస్థ కూడా ఆఫ్రికాలోనే ఉండి మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్ళకి విడిగా ఇస్తోంది.

అయినా ఇప్పుడే ప్రయత్నించి చూద్దాం అనుకుంటే, అక్కడ డిగ్రీలో చేరి చదువుతూనే, మూడింటికి మాత్రం పెట్టించండి. పది చోట్ల పెడితే పది వ్యాసాలూ పేలవంగా తయారవుతాయి.

మొదటిది మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ స్కాలర్స్ కార్యక్రమం. 2012 నుంచి నడుస్తోంది. తెలివి ఉండి డబ్బు లేని ఆఫ్రికా పిల్లల కోసమే పెట్టారు. చాలామంది చేసే పొరపాటు, ఫౌండేషన్‌కి దరఖాస్తు పంపడం. అక్కడ తీసుకోరు. దానితో ఒప్పందమున్న విశ్వవిద్యాలయానికే నేరుగా పెట్టుకోవాలి. ఘనాలో పాట్రిక్ అవుఆ 2002లో స్థాపించిన అషేసి విశ్వవిద్యాలయం అలాంటిదే. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ చెబుతారు, మంచి పేరుంది.

రెండోది టర్కీ ప్రభుత్వ స్కాలర్‌షిప్, తుర్కియే బుర్స్‌లారి. ఏటా జనవరి 10 నుంచి ఫిబ్రవరి 20 దాకా దరఖాస్తులు తీసుకుంటారు. డిగ్రీకి 21 ఏళ్ళ లోపు వయసు ఉండాలి. ఫీజు, హాస్టలు, నెలవారీ డబ్బు, బీమా, విమానం అన్నీ ఇస్తారు. మొదటి ఏడాదంతా టర్కిష్ భాష నేర్పుతారు. స్వాహిలి, ఇంగ్లీషు రెండూ వచ్చిన పిల్లకి మూడో భాష కొండంత పనేమీ కాదు, కానీ ఒక ఏడాది అదనం అని తెలిసి దిగాలి. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో కూడా చైనీస్ మాధ్యమం కోర్సులకి ఇలాంటి భాషా సంవత్సరమే ఉంటుంది. అమెరికాలో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్ని సంస్థలు విదేశీ విద్యార్థి పేదరికాన్ని ప్రవేశానికి అడ్డుగా చూడవు, చేరినవాళ్ళ అవసరమంతా తీరుస్తాయి. కానీ 2025లో అమెరికా అనేక ఆఫ్రికా దేశాల పౌరుల వీసాల మీద ఆంక్షలు పెట్టింది. కాబట్టి ఇప్పుడు దాని మీద ఆశ పెట్టించి ఆ పిల్లని బాధపెట్టకండి.

మూడోది మన దేశం. మీ తమ్ముడి మాట పూర్తిగా తోసెయ్యను, కానీ ఆయన చెప్పిన దారి కాదు. ప్రైవేటు కాలేజీలో సీటు ఎవరైనా ఇప్పిస్తారు. నాలుగేళ్ళ ఫీజు, హాస్టలు ఎవరు కడతారు? మధ్యలో మీవారి ఉద్యోగం పోతే? ఆ పిల్ల పరాయి దేశంలో సగం చదువుతో నిలబడిపోతుంది. భారత ప్రభుత్వం తరఫున ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) ఆఫ్రికా విద్యార్థులకి ఏటా స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. ట్యూషన్ ఫీజు, నెలవారీ భృతి, ఇంటి అద్దె భత్యం ఉంటాయి. దరఖాస్తు దాని పోర్టల్‌లోనే పెట్టాలి, మీ ఊళ్ళోని భారత హైకమిషన్‌లో వివరాలు చెబుతారు. విశ్వవిద్యాలయాలని ఇష్టపడే వరుసలో ఎంచుకోవచ్చు. బీటెక్ ఉంది, వైద్యవిద్య లేదు. విమాన ఖర్చు అన్ని పథకాల్లోనూ రాదు, అది ముందే కనుక్కోండి. వచ్చాక మొదటి భృతి చేతికందేదాకా గడవడానికి కొంత డబ్బు దగ్గరుండాలి. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు చేయించుకోవాలి. ఈ దారిన వచ్చి చదివినవాళ్ళు చిన్నవాళ్ళేమీ కాదు. తర్వాతి కాలంలో మలావీకి అధ్యక్షుడైన బింగు వా ముతారికా ఢిల్లీలో చదువుకున్నవాడే.

అయితే ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. 2016 జనవరి 31న బెంగళూరులో ఒక సూడాన్ యువకుడి కారు ఢీకొని ఒకామె చనిపోయింది. కాసేపటికి అటుగా వచ్చిన టాంజానియా విద్యార్థినిని, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని 21 ఏళ్ళ పిల్లని, గుంపు కారులోంచి లాగి కొట్టి బట్టలు చింపింది. దారెస్సలాంలో ఆ వార్త చదివిన ఏ తల్లీ మర్చిపోయి ఉండదు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకీ తెలిసే ఉండవచ్చు, మీ దగ్గర అని ఉండరు. మా విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి ఆఫ్రికా నుంచి చాలామంది వస్తారు. పీహెచ్‌డీకి వచ్చిన నా పాత ఇథియోపియా సహోద్యోగికి ఇల్లు చూడ్డానికి నేను వెంట వెళ్ళాను. ఫోనులో ఖాళీ ఉందన్నవాళ్ళు మనిషిని చూడగానే "నిన్ననే ఇచ్చేశాం" అన్నారు. మూడిళ్ళ దగ్గర అదే మాట. ఆ దేశంలో ఆరేళ్ళు నాకు ఇల్లిచ్చి, పండక్కి ఇంజెరా పెట్టి, జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళిన జనం ముందు నేను తల దించుకోవలసి వచ్చింది.

కాబట్టి ఆ పిల్లని ఇక్కడికి పంపాలనుకుంటే, మీ తమ్ముడు చెయ్యవలసింది కాలేజీలో సిఫారసు కాదు. ఏ ఊళ్ళో సీటొస్తే ఆ ఊళ్ళో అమ్మాయిల హాస్టలు ముందే మాట్లాడి, మొదటి రోజు విమానాశ్రయానికి మీ మనిషి ఒకరు వెళ్ళి, నెలకోసారి ఆదివారం ఇంటికి పిలిచి అన్నం పెట్టే కుటుంబాన్ని చూసిపెట్టాలి. తిండికి ఇబ్బంది పడదు లెండి. వాళ్ళ ఉగాలికి మన సంగటి దగ్గరి చుట్టమే, చపాతీని వాళ్ళూ చపాతీ అనే అంటారు. మనుషుల చూపులకే ఇబ్బంది పడుతుంది. పలకరించే ఇల్లు ఒక్కటుంటే అది చాలావరకు తట్టుకోవచ్చు.

ఇక మీ డబ్బు సంగతి. మొదట పాస్‌పోర్టు, టాంజానియాలో 150,000 షిల్లింగులు. దానికి ముందు పుట్టిన తేదీ పత్రం, జాతీయ గుర్తింపు కార్డు, ఫారం ఫోర్, ఫారం సిక్స్ సర్టిఫికెట్లు నాలుగూ ఒక బల్ల మీద పరిచి, పేరు అన్నిటిలోనూ ఒకే వరుసలో, ఒకే అక్షరాలతో ఉందో లేదో చూడండి. తండ్రి పేరు ఒకదాంట్లో మధ్యలోనూ, ఇంకొకదాంట్లో చివరా ఉంటుంది. ఒక అక్షరం తేడా వచ్చినా దిద్దించడానికి నెలలు పడుతుంది. ఇంగ్లీషు పరీక్షకి తొందరపడకండి. ఐఈఎల్‌టీఎస్ ఫీజు 200 డాలర్లు దాటుతుంది, ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినట్టు ఉత్తరం తెస్తే చాలు అనే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. ఆ డబ్బుతో ముందు ఒక మంచి పాత లాప్‌టాప్ కొనివ్వండి. ఫోనులో వ్యాసం రాసి దిద్దుకోవడం నరకం.

వ్యాసం అన్నాను కాబట్టి చెబుతున్నాను. దాన్ని మీరు రాసివ్వకండి, మీ పిల్లల చేతా రాయించకండి. "మా అమ్మ ఇళ్ళల్లో పనిచేస్తుంది, మేము పేదవాళ్ళం" అన్నంత మాత్రాన ఎంపిక కాదు. చదివేవాళ్ళ ముందు అలాంటివి వేలు ఉంటాయి. ఈ పిల్ల దగ్గర అంతకంటే గట్టిది ఉంది. సాయంత్రాలు వీధి పిల్లలకి లెక్కలు చెబుతుందని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఎంతమందికి, ఎప్పటి నుంచి, ఏ లెక్క దగ్గర పిల్లలు ఆగిపోతారు, తను దాన్ని ఎలా విప్పి చెబుతుంది, వాళ్ళలో ఎవరు పాసయ్యారు? ఇవి ఒక నోటుబుక్కులో ఇవాళ్టి నుంచీ రాసుకోమనండి. నాలుగేళ్ళ తర్వాత ఏ ఇంటర్వ్యూలో కూర్చున్నా ఆ పుస్తకమే ఆమె చేత మాట్లాడిస్తుంది. సిఫారసు ఉత్తరం కోసం లెక్కల టీచర్‌ని ఇప్పుడే కలవమనండి. పిల్ల మొహం ఆయనకి గుర్తున్నప్పుడు రాసే ఉత్తరం వేరు, నాలుగేళ్ళ తర్వాత రాసేది వేరు.

ఒక సంగతి మాత్రం మీ ఉత్తరంలో ఎంత వెతికినా దొరకలేదు. ఆ అమ్మాయి ఏం చదవాలనుకుంటోంది? మీరు, మీవారు, మీ తమ్ముడు, ఏజెంటు, అందరి మాటా ఉంది. ఆమెది లేదు. తల్లిది ఉంది కానీ అది "మీ ఇష్టం" అన్న మాటే. అమ్మా, తప్పుగా అనుకోకండి, మీరు మంచి మనసుతో అడిగారని నాకు తెలుసు. కానీ పదకొండేళ్ళుగా మీ దగ్గర జీతం తీసుకుంటున్న మనిషి మీ ముఖం చూస్తూ "వద్దు" అనలేదు. కూతురు దూరం వెళ్తుందన్న భయం ఉండవచ్చు, ఇంటికి ఆ పిల్ల సంపాదన అవసరమై ఉండవచ్చు, ఈ సాయాన్ని రేపు పనిలో ఎలా తీర్చుకోవాలో అన్న దిగులు ఉండవచ్చు. అది మీ వంటింట్లో నిలబడి మాట్లాడే విషయం కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మీరూ మీవారూ వాళ్ళింటికి వెళ్ళండి. ఈ డబ్బు అప్పు కాదని, జీతంలో పట్టుకోరని, పిల్లకి ఏ స్కాలర్‌షిప్పూ రాకపోయినా ఎవరూ ఏమీ అనరని స్వాహిలిలో విడమరిచి చెప్పండి. తర్వాత ఆ అమ్మాయిని అడగండి. వెంటనే చెప్పకపోతే ఇంకో వారం ఆగి మళ్ళీ అడగండి.

ఆమె ఏమందో నాకు రాయండి. ఏ కోర్సు అంటుందో తెలిస్తే, ఏ విశ్వవిద్యాలయానికి ఏ నెలలో పెట్టాలో ఆమె పేరుకే విడిగా ఉత్తరం రాస్తాను, ఇంగ్లీషులో.